మూసీలో కలిపిన పాటల పుస్తకం

"దాన్ని మూసీలో కలిపేశానే అమ్మాయ్" అని మా అత్తగారు చెప్పినప్పుడు నేను వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాను. మాట చెవిలో పడింది కానీ తలకెక్కలేదు. ఉగాదికి ముందు ఇల్లు దులిపే రోజులు. చినిగిన దేవుడి పటాలు, పాత పంచాంగాలు, అట్టలూడిన వ్రతకథల పుస్తకాలు ఒక సంచీలో వేసి తీసుకెళ్ళి నీళ్ళలో వదలడం ఆవిడకు ఏటా ఉన్న పనే. ఆ సంచీ సంగతే చెబుతోందనుకున్నాను.

"దేన్ని?" అన్నాను.

"అదే, పూజ గూడు పక్కన పెట్టావు కదా, పాత పాటల పుస్తకం. పాపం, మరీ జీర్ణమైపోయింది. దేవుడి పుస్తకం చినిగాక ఇంట్లో ఉంచుకోకూడదు. పసుపు గుడ్డలో చుట్టి, కుంకుమ పెట్టి, మందారపువ్వొకటి పెట్టి, మూసారాంబాగ్ వంతెన దగ్గర వదిలి దండం పెట్టుకొచ్చాను."

నా చేతిలోని గ్లాసు జారి పడలేదు. అలాంటివి సినిమాల్లో పడతాయి. నేను దాన్ని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, అక్కడే నేల మీద కూలబడ్డాను. మా అత్తగారు కంగారుపడి నా నుదురు ముట్టుకుని చూసింది.

"మూసీలోనా?" అన్నాను. అడగాల్సింది అది కాదు. కానీ నోటికి అదే వచ్చింది. "ఆ మురికి నీళ్ళలోనా అత్తయ్యా?"

"నది నదేగా! కృష్ణ దాకా ఎక్కడ పోతాను? ముందు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర చెట్టు కింద పెడదామని అక్కడికే వెళ్ళాను. తీరా వెళ్ళాక, ఇది కిరస్తానీ వాళ్ళ దేవుడి పుస్తకం కదా, పరాయి గుడి దగ్గర వదిలేశామని వాళ్ళు బాధపడతారేమో అనిపించింది. నీళ్ళకైతే ఏ పట్టింపులూ ఉండవు కదా అని వంతెన దాకా ఆటోలో పోయాను."

ఆవిడ మొహంలో తప్పు చేసిన జాడే లేదు. ఎండలో అంత దూరం తిరిగి ఒక పుణ్యకార్యం ముగించుకొచ్చిన మనిషి మొహం అది. నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. చెప్పులేసుకుని, జుట్టయినా ముడి వేసుకోకుండా ఆటో ఎక్కి వంతెన దగ్గరికి పరుగెత్తాను.

నల్లటి నీళ్ళు, తెల్లటి నురగ, పాలిథిన్ కవర్లు, థర్మకోల్ ముక్కలు. ఒడ్డున బురదలో ఎన్నో పసుపు గుడ్డల మూటలు. ఈ ఊళ్ళో మా అత్తగారు ఒక్కతే కాదన్నమాట. అందులో ఏ మూట నాదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. కిందికి దిగడానికి దారి కోసం వెతుకుతుంటే, నన్ను తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ పరుగున వచ్చాడు.

"ఏం పడ్డది మేడం? ఫోనా?"

"పుస్తకం."

"పుస్తకానికి గింత పరేషాన్ ఎందుకు మేడం? దిల్‌సుఖ్‌నగర్‌ల ఏ పుస్తకమైనా దొరుకుతది. పోదాం పాండ్రి" అన్నాడు. పాపం, మంచికే చెప్పాడు. నిజానికి దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని పుస్తకాలే నా రోగం.

నేను క్రైస్తవురాలిని కాను. మాది గుంటూరు వైపు. ఈ ఊరొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పుకుంటూ స్థిరపడినదాన్ని. చిన్నప్పుడు మిషన్ బళ్ళో వ్యాసరచన పోటీలో గెలిస్తే చిన్న ప్రార్థనల పుస్తకమొకటి బహుమతిగా ఇచ్చారు. ఎర్రరంగు పూసిన అంచులు, నల్లటి క్యాలికో గుడ్డ అట్ట, దానిమీద బంగారు గీత. ఆ అంచును బొటనవేలితో దువ్వుతుంటే వచ్చే చప్పుడు నాకిప్పటికీ ఇష్టం. అక్కడ అంటుకుంది పిచ్చి. పాత కీర్తనల పుస్తకాలు, అనుదిన ధ్యానాలు, ఉపవాస ప్రార్థనల చిన్న చిన్న పొత్తాలు, అరసున్నలూ బండి ఱలూ నిండిన మద్రాసు అచ్చులు ఎక్కడున్నాయంటే అక్కడికి పోయేదాన్ని. బస్ డిపో ఎదుట ఎంట్రన్స్ గైడ్లు అమ్మే పాత పుస్తకాల దుకాణాల్లో, వనస్థలిపురం పాత పేపర్ల కొట్టులో ధూళికి తుమ్ముతూ వెతికేదాన్ని. మా ఇంట్లో అద్దాల బీరువా నిండా అవే. చుట్టాలు వచ్చి చూసి, నేనెప్పుడు మతం మారానా అని మా అత్తగారిని పక్కకి పిలిచి అడిగేవాళ్ళు. "మతం కాదు, మతి" అనేది ఆవిడ.

మూసీలో పోయిన పుస్తకం మాత్రం నా బీరువాలోది కాదు. అసలది ఇంకా నాది కానే కాదు. అందుకే నాకు అంత వణుకు.

ఆ పుస్తకం ఎల్బీ నగర్‌లో, హైవే వెనక కాలనీలో ఉండే ఒక పెద్దావిడది. నల్లగొండ వైపు ఊరినుంచి వచ్చి, మిషన్ దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. టీచరుగా చేసే కూతురి దగ్గర ఉంటోంది. ఆ కూతురు మా కోచింగ్ సెంటర్లో పిల్లవాడిని చేర్పించడానికి వచ్చినప్పుడు మాటల్లో ఈ పుస్తకం సంగతి తెలిసింది. ఆ ఆదివారమే వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దావిడ దాన్ని దిండు కింద నుంచి తీసి నా చేతిలో పెట్టింది. వీపు విరిగింది, మూలలు పురుగు కొట్టింది, కాగితాలు ముట్టుకుంటే రాలుతున్నాయి. అయినా పేరున్న పేజీని మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ అచ్చు ప్రతి ఇంకొకటి నేను ఎక్కడా చూడలేదు. నాలాంటి పిచ్చివాళ్ళు కొందరున్నారు, వాళ్ళ దగ్గరా లేదు.

"పుస్తకం నీకే ఇస్త బిడ్డా" అంది ఆవిడ. "నాకు కండ్లు కనవడవు. నేనేం జేసుకుంట? గని ఒక్కటే మాట. నన్ను మట్టి చేసే దినం గీ పాట పాడాలె. మా అమ్మకు గిదే పాడిన్రు. మా ఆయనకు గిదే పాడిన్రు. కొత్త పుస్తకంల గీ పాట తీసేసిన్రు, గిప్పటి పోరగాళ్ళకు ఎవ్వలకు రాదు. నాకు పక్షవాతం ఒచ్చిపోయినంక రాగం ఉన్నది గాని మొదటి ముక్క దప్ప మాటలు దొరుకుత లేవు. పుస్తకం తీస్కపోయి మంచిగ అతికియ్యి. గా దినం పట్కొని రా. పాడినంక నువ్వే ఉంచుకో."

ఆమె పేజీలు తడిమి వేలు పెట్టి చూపించిన పాట ఉన్న కాగితాలే అన్నిటికంటే ఎక్కువ చిరిగి ఉన్నాయి. తరతరాలుగా చావు ఇళ్ళలో తెరిచిన చోటు కదా. నేను సరేనన్నాను. ఇంటికి తెచ్చి ముందు ఆ పాట దగ్గరే పని మొదలుపెట్టాను. మైదా జిగురు పలచగా కాచి, సన్నని కాగితపు పట్టీలతో చిరుగులు అతికి, పైన గ్రైండర్ రాయి బరువు పెట్టాను. మా ఫ్లాట్‌లో గోడలన్నీ చెమ్మ. దీపం వేడికి పూజ గూడు పక్కన అరుగు ఒక్కటే పొడిగా ఉంటుంది. ఆరడానికి పుస్తకాన్ని అక్కడ పెట్టాను. పూజ గూడు పక్కన పెట్టిన చినిగిన దేవుడి పుస్తకాన్ని మా అత్తగారు ఏం చేస్తుందో నాకు తట్టకపోవడం ఇప్పటికీ ఆశ్చర్యమే.

వంతెన దగ్గర నుంచి ఇంటికొచ్చాక ఫోన్ తీశాను. పుస్తకం చేతికి రాగానే ఫోటోలు తీసుకోవడం నా అలవాటు. ప్రాణం లేచి వచ్చింది. ఫోన్‌లో ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. అట్ట ఉంది. వీపు ఉంది. పేరున్న పేజీ ఉంది. ముద్రణాలయం గుర్తు పెద్దదిగా, చిన్నదిగా, పక్కనుంచి వెలుతురు పెట్టి ఉంది. పురుగు తొలిచిన దారులు ఎంత అందంగా ఉన్నాయో అని వాటికీ తీశాను. పాట లేదు. ఏ పాటా లేదు. పుస్తకం మొత్తం పాటలే అయితే, ఒక్క పాటకైనా ఫోటో తీయాలని నాకు తోచలేదు.

తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఎవరి దగ్గరా ఆ అచ్చు లేదు. ఒకాయనైతే "మూసీలోనా!" అని నవ్వడం మొదలుపెట్టి, నేను మాట్లాడకపోయేసరికి దగ్గి ఫోన్ పెట్టేశాడు.

ఇదంతా వింటూ మా అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. విషయం అప్పటికి పూర్తిగా అర్థమైనట్టుంది.

"ఆవిడ పోయినప్పుడు పాడాల్సిన పాటా అది? ముందే చెప్పొద్దుటే? పద, నేనూ వస్తాను. కలిపింది నేను, చెప్పేది కూడా నేనే."

"మీరు వద్దు అత్తయ్యా. అక్కడ మీరేం మాట్లాడతారో అని నాకు భయం."

"భయమైతే చెవులు మూసుకో" అని పట్టుచీర తీసింది.

మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగాం. వాళ్ళింట్లో కూతురు తలుపు తీసి మంచినీళ్ళిచ్చింది. పెద్దావిడ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు పోల్చుకుని "ఒచ్చినవా బిడ్డా? అతుకు పెట్టుడు అయిందా?" అని రెండు చేతులూ ముందుకు చాపింది. ఆ చేతుల్లో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా అత్తగారు వెళ్ళి ఆ చేతులు పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "వదినగారూ, నేను దీని అత్తగారిని. మీ పుస్తకం నా చేతులతో నేనే మూసీలో కలిపేశాను. చినిగిన దేవుడి పుస్తకం ఇంట్లో ఉండకూడదని మా పద్ధతి. మీ సంగతి నాకు తెలియదు. పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకునే కలిపాను."

పెద్దావిడ చేతులు వెనక్కి లాక్కుంది. చూపులేని కళ్ళు పెద్దవి చేసి గోడవైపు తిరిగింది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పసుపు కుంకుమనా!" అంది పెద్దావిడ చివరికి. "మా పాటల పుస్తకానికి?"

"ఒక మందారపువ్వు కూడా" అంది మా అత్తగారు. నేను నిజంగానే చెవులు మూసుకోవాల్సింది.

"మా అమ్మ పుస్తకమది" అంది పెద్దావిడ. "ఇప్పుడు నాకేం పాడుతరు? గిటార్ పట్కొని గంతులేసే పాటలు పాడుతరా? నూనె తరిగిన దివిటీ నేను అని పాడుకుంట మా ఆయనను సాగనంపిన. నన్ను మాత్రం ఉత్తగనే పూడ్చిపెడుతరా?" ఆ మాటతో ఆమె ఏడుపు బయటపడింది. అప్పటిదాకా పుస్తకం పోయిందనే ఏడుస్తున్న నాకు, పోయిందేమిటో అప్పుడు తెలిసింది. తల ఎత్తలేకపోయాను.

"నూనె తరిగిన దివిటీనా?" అంది మా అత్తగారు. "అదా? అది నాకు వచ్చుగా!"

నేను తలెత్తి చూశాను. ఆవిడ ఎవరి అనుమతీ అడగకుండా గొంతు సవరించుకుంది.

"నూనె తరిగిన దివిటీ నేను, నీ వాకిట నిల్చితిని, తలుపు మూయకు దేవా, తడబడి నడిచితిని" అని ఎత్తుకుంది. పల్లవి అయ్యాక ఆపలేదు. మొదటి చరణం, రెండో చరణం కూడా పాడింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఏదో ఒకటి చదివితే గాని ఆవిడకు కునుకు పట్టదు. పూజ గూడు పక్కన పెద్ద పెద్ద అక్షరాల పుస్తకం చేతికందేలా ఉంది. రోజూ తీసి చదివేదట. ఈ పాట నచ్చి మళ్ళీ మళ్ళీ పాడుకుందట. ఒకే ఇంట్లో ఉంటూ నేను వినలేదు. నేనా వేళకు కోచింగ్ సెంటర్లో సమీకరణాలు తూకం వేయిస్తూ ఉంటాను.

కూతురు గబగబా ఫోన్ తీసి రికార్డు చేయడం మొదలుపెట్టింది. పెద్దావిడ ఏడుపు ఆగిపోయింది. మొహం చిట్లించి, తల ఒక పక్కకు వంచి విని, మధ్యలో చెయ్యెత్తింది.

"మాటలు గవే. రాగమే గిట్లుందేంది? హారతి పాడుతున్నవా ఏంది?"

"నాకు తెలిసిన రాగంలో పాడుకున్నానండీ. పుస్తకంలో రాగం ఉండదు కదా."

"ఆగు" అంది పెద్దావిడ. మాటలు లేకుండా, మూసిన పెదవుల వెనక నుంచి అసలు రాగం తీసింది. మెల్లగా, బరువుగా, చీకట్లో నడిచేవాళ్ళు పాడుకునేలా ఉంది అది. మా అత్తగారు మాట అందిస్తే ఆవిడ దానికి రాగం చెప్పింది. మా అత్తగారు హారతిలోకి జారినప్పుడల్లా పెద్దావిడ "మల్ల పోతున్నవ్, మల్ల పోతున్నవ్" అని మంచం మీద చరిచింది. రెండు చరణాలు కుదిరేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"ఇగ ఆఖరిది చెప్పు" అంది పెద్దావిడ. "మూడోది. అదే అన్నిటికంటే మంచిది. మట్టి వేసేటప్పుడు పాడేది అదే."

"మూడోదా?" అంది మా అత్తగారు. "మూడోది లేదండీ. రెండో చరణం తరువాత కాగితం తిప్పితే వేరే పాట మధ్యలోకి వెళ్ళిపోతుంది. ఆ రెండు కాగితాలూ అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే చిరుగుతాయని నేనే ఊరుకున్నాను."

నేను అక్కడే నిలబడి విన్నాను. మైదా జిగురు. పలచగా కాచాననుకున్నాను కానీ కాస్త చిక్కగా వచ్చింది ఆ రోజు. నేనే గ్రైండర్ రాయి తెచ్చి పైన పెట్టాను. పుస్తకం నీళ్ళలో పడకముందే, మా ఇంట్లోనే, నా చేతులతోనే ఆ చరణం మూతపడిపోయింది. మా అత్తగారి మీద పొద్దుటి నుంచీ మింగుకొస్తున్న కోపమంతా ఒక్కసారిగా నా మీదికే తిరిగింది.

"అతికించింది నేనే అమ్మా" అన్నాను. "రెండు కాగితాలు కలిపి అతికేశాను. చూసుకోలేదు."

పెద్దావిడ పెదవులు కదిలాయి. పోయిన మాటల కోసం లోపల వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. దొరకలేదు. తరువాత ఒక నిట్టూర్పు విడిచి, నా వైపు కాకుండా మా అత్తగారి వైపు తిరిగింది.

"వదినా, అందరికి చెప్పు. రెండు చరణాలు పాడుండ్రి. మూడో దాని కాడ ఎవ్వలు పాడొద్దు. వేరే పాట ఎత్తుకోవద్దు. ఊకెనే నిలబడుండ్రి. నేను పోయి మా అమ్మనడిగి తెలుసుకుంట."

ఆ తరువాత మా అత్తగారు ఒక్కతే మెట్రో ఎక్కి ఎల్బీ నగర్ వెళ్ళడం అలవాటు చేసుకుంది. ఇద్దరూ పాడుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. పెద్దావిడ ఆరోగ్యం ఎలా ఉందని నేను అడిగితే మా అత్తగారు నన్ను అదోలా చూసేది. పుస్తకం ఉన్న రోజుల్లో, అదెప్పుడు నాదవుతుందా అనే నేను కూతురిని ఆ ప్రశ్న అడిగేదాన్నని ఆవిడకు ఇప్పుడు తెలుసు.

ఒక ఉదయం క్లాసుకు బయలుదేరుతుంటే కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది మేడం. చాయ్ అడిగింది, తెచ్చేసరికి లేదు" అంది. ఎప్పటికైనా రావాల్సిన కబురే. అయినా చేతిలో తాళంచెవితో మెట్ల మీద కూర్చుండిపోయాను. నిన్ననే వెళ్ళొచ్చిన మా అత్తగారు నమ్మలేదు. "నిన్న నన్ను మూడుసార్లు తిట్టింది, అంత గొంతుతో" అంటూ ఇల్లంతా తిరిగింది.

సమాధుల తోటలో జనం బాగానే వచ్చారు. సంఘంలోని కుర్రవాళ్ళు గిటార్ తెచ్చారు కానీ వాయించలేదు. కూతురు పంపిన రికార్డింగు విని పాట నేర్చుకున్నారు. ముందు వరసలో మా అత్తగారు, నుదుటన కుంకుమ బొట్టుతో, చేతిలో ఏ పుస్తకమూ లేకుండా నిలబడి ఎత్తుకుంది. ఒక్కసారైనా హారతిలోకి జారలేదు. నూనె తరిగిన దివిటీ నేను అని అందరూ అందుకున్నారు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. పెట్టెను లోపలికి దించారు. పాస్టరుగారు చెయ్యెత్తాడు. అందరూ ఆగిపోయారు.

అంతమంది మనుషులు అంత మౌనంగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. హైవే మీద లారీల హారన్లు వినిపిస్తున్నాయి. ఒక చరణం ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎప్పుడు కదలాలో కూడా ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారు మా అత్తగారి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, ఆ బరువైన రాగాన్ని లోలోపలే తీస్తోంది. అది పూర్తయ్యాక కళ్ళు తెరిచింది. ఈ మధ్య ఆవిడకు కాస్త చెవుడు, నా చెవిలో గుసగుసగా అన్నాననుకుని అందరికీ వినిపించేలా అంది.

"ఈపాటికి వాళ్ళమ్మను అడిగేసి ఉంటుందే."

కూతురు ఉలిక్కిపడి తల తిప్పింది. తరువాత మా అత్తగారి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పాస్టరుగారు ఆమేన్ అన్నాడు. అందరితోపాటు నేనూ వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాను.